ఆరో గొంతు

పెన్నులజేబు నా కొంప కూల్చాడు. ఇంకా పునాది కూడా తియ్యని కొంప, దాన్నే కూల్చాడు. అలాంటి పని చెయ్యాలంటే చదువుండాలి. ఏడో తరగతిలో బడి మానేసిన నాలాంటివాడి వల్ల అయ్యే పని కాదది.

వాడికి అసలు పేరు వేరే ఉంది, నేను పలకను. మా అద్దాల గోదాముకి మేనేజరుగా వచ్చిన రోజు వాడి చొక్కా జేబులో నాలుగు పెన్నులున్నాయి. నలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. "అమ్మకానికి తెచ్చాడేమో కనుక్కో బావా, పిల్లలకి రెండు కొందాం" అన్నాడు మా బావమరిది. ఆ పూట నుంచి అదే పేరు.

మాది ఆరుగురి జట్టు. ఇరవై రెండేళ్లుగా నేను మేస్త్రీని. మా బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు, నేనే పనిలో పెట్టించాను. పొడుగోడు ఒకడు, గుమ్మం కనబడితే అలవాటుగా తల వంచుతాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు తుమ్మితే రెండోవాడు జేబురుమాలు తీస్తాడు. ఆరోవాడు తాత. ఇంకో ఏడాదిలో పని మానేయాల్సిన మనిషి.

అద్దం సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. మా గోదాములో పలకలు ఇద్దరు మనుషుల ఎత్తుంటాయి. ఇనుప స్టాండు మీద ఒకదాని వెనక ఒకటి చేరగిలబడి ఉంటాయి. వెనకున్న పలక కావాలంటే ముందున్న నాలుగింటినీ కలిపి లేపి, నిటారుగా తెచ్చి, పట్టుకుని నిలబడాలి. ఆ సందులోంచి ఒకడు కావలసినదాన్ని పక్కకి లాగుతాడు. అద్దం నిటారుగా ఉన్నంతసేపు చంటిపిల్ల, ఒంటిచేత్తో ఆపొచ్చు. వేలెడు ముందుకి వాలిందంటే ఏనుగు. అప్పుడు దాన్ని ఆపబోయినవాడు తెలివితక్కువవాడు, తప్పుకున్నవాడు బతుకుతాడు.

లాగేవాడు బావమరిది. పట్టుకునే ఐదుగురిలో ఈ కొస నేను, ఆ కొస తాత. ఆ కొస రెండు స్టాండుల మధ్య సందులోకి పోతుంది. అక్కడ నిలబడ్డవాడు మాలో ఎవడికీ కనబడడు. కనబడని మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే ఒకటే దారి, గొంతు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. రెండు అరచేతులూ అద్దానికి ఆనించాకే ఎవడైనా "ఉన్నా" అనాలి. ముందు నేను, తరవాత వరసగా వాళ్లు, ఆఖర్న తాత. ఒకడి బదులు ఇంకొకడు అనకూడదు. ఆరు గొంతులు వినబడ్డాకే నేను "లాగు" అంటాను. ఓసారి అన్నదమ్ముల్లో చిన్నోడు చేతులు జేబులో పెట్టుకుని "ఉన్నా" అన్నాడు. ఆ పూట పని ఆపేసి ఇంటికి తోలాను. వారం రోజులు అన్నా తమ్ముడూ ఇద్దరూ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏం, ఇరవై రెండేళ్లలో నా జట్టులో ఒక్కడికి కూడా చెయ్యి తెగలేదు.

పెన్నులజేబు వచ్చిన మూడో వారం మీటింగు పెట్టాడు. గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. పడవలో ఆరుగురు కూర్చుని తెడ్లేస్తున్నారు, ఆరుగురూ నవ్వుతున్నారు. తెడ్డేసేవాడు నవ్వడం నేను ఆ బొమ్మలోనే చూశాను.

"ఇక మీదట ఇక్కడ మేస్త్రీ ఒకరు, మిగతావాళ్లు ఐదుగురు అని ఉండదు. అందరూ సమానం. టీమ్ అంటే ఒకే మనసు, ఒకే చెయ్యి" అన్నాడు.

"ఒంటిచేత్తో అద్దం లేవదు సార్" అని గొణిగాడు పొడుగోడు.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా పెన్నులజేబే నవ్వాడు. నవ్వేసి, ఆకుపచ్చ పెన్ను మూత తీశాడు.

"ఈ కేకలు కూడా ఆపుదాం. కొనడానికొచ్చినవాళ్లు వింటున్నారు. బడిలో హాజరు పిలిచినట్టుంది. దాని బదులు కార్డు పెడతాను. పొద్దున్నే ఆరుగురూ సంతకం చేస్తారు. అంటే ఆరుగురూ ఉన్నట్టే, ఆరుగురిదీ బాధ్యతే. పెద్దవాళ్లు, ఏమంటారు మేస్త్రీగారూ?"

మేస్త్రీలు లేరని అప్పుడే చెప్పాడు, అప్పుడే మేస్త్రీగారూ అన్నాడు. నేను బదులివ్వలేదు. నా మనుషులున్నారు కదా, వాళ్లే అంటారులే అనుకున్నాను. ఇన్నేళ్లు వాళ్ల కాళ్లూ చేతులూ కాచినవాణ్ణి. నాకు నేనే వకాల్తా పుచ్చుకోవాలా?

"సరే, చేతులెత్తండి" అన్నాడు.

అన్నదమ్ముల్లో పెద్దోడు ఎత్తాడు. పెద్దోడు ఎత్తాక చిన్నోడు ఎత్తకుండా ఉంటాడా? పొడుగోడు వాళ్లిద్దరి వంకా చూసి ఎత్తాడు. తాత నా మొహం చూశాడు, పొడుగోడి చెయ్యి చూశాడు, నెమ్మదిగా ఎత్తాడు. మిగిలింది బావమరిది. వాడు నేలచూపులు చూస్తూ మోచెయ్యి దాకా ఎత్తాడు.

నాకు ఒళ్లు మండింది. మీ ఐదుగురికీ అక్కర్లేకపోతే నాకేం పట్టింది అనుకుని నేనూ ఎత్తాను. చాలా ఎత్తుగా ఎత్తాను.

"చూశారా, ఒక్క మాట!" అన్నాడు పెన్నులజేబు.

బయటికొచ్చాక బావమరిదిని పట్టుకున్నాను. "నీ చేతికేం రోగం రా?"

"అందరూ ఎత్తాక నేనొక్కణ్ణి ముడుచుకుని కూర్చుంటే బాగుంటుందా బావా? అయినా నువ్వూ ఎత్తావుగా!"

నా మేస్త్రీ భత్యం తీసేసి ఆరుగురికీ పంచారు. దానికి బదులు టీమ్ బోనస్ అన్నారు. ఏడాది పొడుగునా ఒక్క పలక కూడా పగలకపోతే మనిషికి మూడు నెలల జీతం. జట్టు తప్పు వల్ల పగిలితే ఎవడికీ రాదు. ఒకడు నియమం మీరి పగలగొట్టాడని తేలితే మాత్రం వాడొక్కడికే పోతుంది. ఇది చదువుతున్నప్పుడు నాకు కోపమూ వచ్చింది, ఆశా పుట్టింది.

ఆశ ఎందుకంటే, ఊరి చివర ఒక స్థలం మాట్లాడి ఉంచాను. నాలుగేళ్లుగా నెలనెలా కడుతున్నాను. ఆఖరి ముక్క ఒకేసారి కట్టాలి, సరిగ్గా మూడు నెలల జీతమంత. ఏడాది చివరికల్లా కట్టకపోతే స్థలం వెనక్కి పోతుంది, కట్టినదీ పోతుంది. అలాగని నా చేతే రాయించుకున్నారు. మా ఆవిడ అక్కడికెళ్లినప్పుడల్లా అడుగులేసి కొలుస్తుంది. ఇక్కడ వంటగది, ఇక్కడ తలుపు, ఇక్కడ వాళ్ల తమ్ముడొస్తే పడుకునే అరుగు. అద్దాల కిటికీ పెట్టిద్దామన్నాను ఓసారి. "చాలు మహానుభావా, ఇంట్లో కూడానా" అంది.

పదకొండు నెలలు గడిచాయి. ఒక్క పలక పగల్లేదు. ఆ గొప్ప కార్డుదని పెన్నులజేబు పైవాళ్లకి రాశాడు. అసలు సంగతి అరచేతుల్ని అడగాలి. ఆరుగురు మోస్తే ఆరుగురి బలం ఎప్పుడూ రాదు. నా కేక ఉన్న రోజుల్లో ఐదున్నర వచ్చేది. కార్డొచ్చాక నాలుగున్నరకి దిగింది. పొడుగోడు అద్దం వెనక ఆవులిస్తున్నాడని నా వేళ్లకి తెలిసేది. అన్నదమ్ములు బరువు ఒకడి మీదికొకడు నెట్టుకునేవాళ్లు. కార్డు మీద సంతకాలంటారా, సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా గీకి పడేసేవాళ్లం. నేనూ గీకాను. ఎందుకు దాచాలి?

కేక వెయ్యొద్దని నా నోటికెవడూ ప్లాస్టరు వెయ్యలేదు. నేనే వెయ్యలేదు. ఎవడైనా వచ్చి "అన్నా, నువ్వు పిలిస్తేనే బాగుంది" అంటాడేమోనని చూశాను. పదకొండు నెలలు చూశాను. ఒక్కడూ అనలేదు. అనకపోతే పొండి అనుకున్నాను.

పన్నెండో నెల రెండో మంగళవారం, పొద్దున్న పదకొండు దాటింది. మూడో స్టాండులో ముందు నుంచి ఐదో పలక కావాలి. ముందు నాలుగింటినీ లేపాం. నిటారుగా వచ్చాయి. బావమరిది సందులో చేతులు పెట్టాడు.

నా అరచేతికి ఏదో తేడా తెలిసింది. ఆ కొస తేలిగ్గా ఉంది. తేలిక కాదు, బోలుగా ఉంది. బల్లకి ఒక కాలు పొట్టిగా ఉంటే చెయ్యి ఆనించగానే తెలుస్తుందే, అలాగ. ఆ కొసని తాత లేడు.

లేడని నాకు తెలుసు. చెప్పడానికి నాకెంత సేపు దొరికిందో కూడా తెలుసు. ఊపిరి పీల్చుకుని వదిలేంత. "ఆగు" అంటే రెండక్షరాలు. నేను అనలేదు. నేను మేస్త్రీని కాదు కదా, అందరం సమానం కదా, కార్డు మీద ఆరు సంతకాలు ఉన్నాయి కదా. ఒక్కసారి వాలితే అప్పుడైనా నన్ను పిలుస్తారు అనుకున్నాను. చేత్తో ఆపగలిగేంత వాలుతుందిలే అనుకున్నాను. ఇరవై రెండేళ్లు పని చేసినవాడు అనుకోకూడని మాట అది.

బావమరిది లాగాడు. లాగిన పలక ముందువాటికి తగిలింది. ఆ కొస వేలెడు వాలింది.

"వదిలెయ్!" అని అరిచాను. నలుగురం వెనక్కి దూకాం. నాలుగు పలకలు నేల మీద పడ్డ చప్పుడికి రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగిపోయారు. అవి బావమరిది మీద పడలేదు. వాడు పట్టుకున్న ఐదోది చెయ్యి జారి నిలువునా వాడి ఎడమ పాదం మీదికి దిగింది.

తాత వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో కొత్త బోర్డు ఉంది. "ఈ గోదాములో 340 రోజులుగా ఒక్క అద్దమూ పగల్లేదు" అని దాని మీద ఆకుపచ్చ రంగులో రాసుంది. ఫోటో కోసం జట్టులో పెద్దమనిషి పట్టుకుంటే బాగుంటుందని పెన్నులజేబు పిలిచాడట. తాత వెనకాలే పెన్నులజేబు వచ్చాడు. ముందు పగిలిన అద్దాలు చూశాడు, తరవాత బావమరిదిని చూశాడు.

"నువ్వు పోతున్నట్టు చెప్పాలి కదా తాతా!" అన్నాను.

"పొడుగోడికి చెప్పాను."

"నాకు చెప్పాడు. అందరికీ చెప్పే ఉంటాడనుకున్నా" అన్నాడు పొడుగోడు.

"పొడుగన్నకి తెలుసు కదా, ఆయనే చూసుకుంటాడనుకున్నాం" అన్నారు అన్నదమ్ములు, మాటకి మాట కలుపుకుని.

ఎంత చక్కటి జట్టు! అందరికీ తెలుసు, ఎవడికీ పట్టలేదు. నన్ను మాత్రం ఎవడూ అడగలేదు. నా అరచేయి నాకే చెప్పింది కాబట్టి ఆ సంగతి నా దగ్గరే ఉండిపోయింది.

బావమరిదికి ఎడమ కాలి మూడు వేళ్లు తీసేశారు. ఆసుపత్రి వరండాలో తాత నా పక్కన కూర్చున్నాడు.

"ఆ కేక మాన్పించకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఇప్పుడు చెబుతున్నావా? చెయ్యెత్తినప్పుడేమైంది?"

"నువ్వు నోరు తెరుస్తావేమోనని చూశా. నువ్వు తెరవలేదు. సర్లే, రోజూ అరిచి అరిచి నీకే విసుగొచ్చిందేమో అనుకున్నా. నా మట్టుకు నాకు ఆ సందులో ఒక్కణ్ణే నిలబడ్డప్పుడు మీ గొంతులు వినబడితే ధైర్యంగా ఉండేదయ్యా."

అన్నదమ్ముల్ని అడిగాను. మేస్త్రీ కిమ్మనకుండా కూర్చున్నాడు కాబట్టి మేనేజరూ నేనూ ముందే మాట్లాడుకున్నామేమోనని పెద్దోడు ఎత్తాడట. పొడుగోడు వాళ్లని చూసి ఎత్తాడు. ఆ కేక వద్దనుకున్నవాడు ఆరుగురిలో ఒక్కడు కూడా లేడు. ఆరుగురం కలిసి ఒక్క మాట మీద, మాలో ఎవడికీ అక్కర్లేని పని చేశాం. ఇదీ వాడి టీమ్.

మూడో రోజు పెన్నులజేబు నన్ను గదిలోకి పిలిచాడు. కుర్చీ వెయ్యించాడు. మంచినీళ్లు తెప్పించాడు. నాకప్పుడే అనుమానం వచ్చింది.

"చూడండి మేస్త్రీగారూ, బాధగా ఉంది. కానీ మిగతావాళ్ల కష్టం కూడా పోకూడదు కదా" అని కాగితం నా వైపు తిప్పాడు. అందరూ సిద్ధంగా ఉన్నారో లేదో చూసుకోకుండా బావమరిది తొందరపడి లాగాడని, తప్పు వాడొక్కడిదేనని రాసి ఉంది. కింద నాలుగు సంతకాలు. అన్నదమ్ములవి పక్కపక్కన, పొడుగోడిది, తాతది.

"మీ సంతకం కూడా పడితే ఒకరి తప్పు కింద పోతుంది. మిగతా ఐదుగురికీ బోనస్ వస్తుంది. మీకేదో స్థలం ఉందని విన్నాను" అన్నాడు.

"మీరు తాతని పిలిచిన సంగతి ఇందులో లేదే?"

"పిలిచాను. వెళ్తున్నట్టు ఆయన మీకు చెప్పుకోవాలి. అది టీమ్ లోపలి విషయం."

"పడవ బొమ్మ వేసినప్పుడు మీరూ టీమేనన్నారు సార్."

"నేను దారి చూపేవాణ్ణి. తెడ్లు మీవి."

"మునిగేదీ మేమేనన్న మాట."

"మాటలెందుకు? నలుగురూ చేశారు, మీరొక్కరే మిగిలారు" అని నీలం పెన్ను అందించాడు.

ఒక పూట గడువడిగి ఆసుపత్రికి వెళ్లాను. మా ఆవిడ తమ్ముడి తలదగ్గర కూర్చుని ఉంది. కాగితం సంగతి చెప్పాను. బావమరిది పైకప్పు చూస్తూ అన్నాడు.

"సంతకం పెట్టెయ్ బావా. నా బోనస్ ఎటూ పోయేదే. స్థలమన్నా మిగులుతుంది, అక్క కొలతలు వృథా పోకుండా."

మా ఆవిడ వాడి కాలి మీద దుప్పటి సర్దింది.

"ఒక్క సంగతి చెప్పు. నేను లాగినప్పుడు ఆ కొసని తాత లేడని నీకు తెలిసిందా? నీ చేతికి తెలియందేదీ లేదుగా, అందుకని అడుగుతున్నా" అన్నాడు.

తెలియలేదు అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు కూడా.

"తెలిసింది."

వాడు కళ్లు మూసుకున్నాడు. మా ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఇంక బయటికి నడువు."

ఆ మధ్యాహ్నమే పెన్నులజేబు గదికి పోయి ఆ కాగితం తిప్పి వెనకవైపు రాశాను. నా దస్తూరీ కోడి గీతలు, అయినా చదవొచ్చు. ఆ కొసని మనిషి లేడు. మేనేజరు ఫోటోకి పిలిస్తే వెళ్లాడు. లేడని నాకు తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. బావమరిదిది తప్పు కాదు. కింద సంతకం చేశాను. నేనేదో ధర్మాత్ముణ్ణని రాయలేదు. నలుగురు గీకిన చోట ఐదోవాడిగా గీకడం నాకు నచ్చలేదు. ఒకసారి అలాగే చెయ్యెత్తి చూశాను కదా.

పెన్నులజేబు చదివాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. "మీ కడుపు మీరే కొట్టుకున్నారు. మిగతా నలుగురి కడుపూ కొట్టారు" అన్నాడు.

"ఒకే కడుపు కదా సార్, టీమంటే" అని వచ్చేశాను.

పైవాళ్లు విచారించి జట్టు తప్పని తేల్చారు. ఎవడికీ బోనస్ లేదు. మూడు వేళ్లకి కంపెనీ ఏదో ఇచ్చింది, బావమరిది పుచ్చుకున్నాడు. పెన్నులజేబుని ఇంకా పెద్ద గోదాముకి వేశారు. అక్కడ కూడా పడవ బొమ్మ వేస్తూనే ఉంటాడు. ఇక్కడ కేక మళ్లీ మొదలైంది. కాకపోతే పిలిచేది నేను కాదు, పొడుగోడు. నన్ను ఈ కొస నుంచి తీసి తాత నిలబడే ఆ సందులోకి తోశారు. నాతో ఎవడూ మాట్లాడడు. రోజుకి పదిసార్లు "ఉన్నా" అంటాను, ఆఖరి గొంతు నాదే. పని చోట నేను మాట్లాడే మాట అదొక్కటే.

ఏడాది చివరి రోజున స్థలం కాగితాలు తిరిగిచ్చి వచ్చాను. మా ఆవిడ తోడు రాలేదు. హద్దురాళ్లు నాలుగూ నేను పాతినవే. అవన్నా పీక్కెళ్లనిస్తారా అని అడిగితే అవి స్థలంతో పాటేనన్నారు. పొడవు ముప్పై మూడు అడుగులు, వెడల్పు ముప్పై మూడు అడుగులు. నూట ఇరవై ఒక్క చదరపు గజాలు.